మా మామ చెయ్యి చాపని దినం

డాక్టరమ్మ చెప్పిందని ఈమధ్య పొద్దున్నే నల్లగొండలో మా ఇంటికి దగ్గరున్న పార్కుకు నవ్వడానికి పోతున్నాను. నవ్వడానికి పోవడం అని రాస్తుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. గుండ్రంగా నిలబడతాం. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన చప్పట్లు కొడతాడు. అందరం చేతులు పైకెత్తి హహ్హహ్హా అంటాం. నవ్వితే మనసు తేలికవుతుంది, బీపీ దిగుతుంది, నిద్ర పడుతుంది అని ఆయన రోజూ చెబుతాడు. ఆయన చెప్పేది అబద్ధమని నేననను, ఆ సంగతి నాకు పలక పట్టకముందే తెలుసు. కానీ నవ్వించే మనిషి ఎదురుగా లేకుండా, నవ్వదగిన ముచ్చటేదీ లేకుండా, ఊరికే గాలిలోకి నోరు తెరవడం నాకు చేతకావడం లేదు. పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని, ఇప్పుడు నా నవ్వుకు ఇంకొకరు పాఠం చెబుతుంటే లోపల చిరాకు కూడా వస్తుంది. పోయిన నెల కొల్లాపూర్ దగ్గర మా మేనమామ మల్లయ్య పోయాడు. మూడో దినానికి పోయి వచ్చిన దగ్గర్నుంచి నాకు సరిగా నిద్ర లేదు. అందుకే డాక్టరమ్మ, అందుకే ఈ పార్కు.

మాది గొర్లు కాసిన ఇల్లు. హాలియాకు ఇవతల, సాగర్ కాలువ నీళ్ళు ఎక్కని మెట్ట మీద మా ఊరు. కింది ఊళ్ళవాళ్ళు వరి పండించి తెల్లన్నం తింటుంటే మేం జొన్నరొట్టె తిని, కోతలయ్యాక ఎరువు కోసం వాళ్ళ పొలాల్లో మంద నిలిపేవాళ్ళం. ఎండాకాలం వస్తే బాపు మందను తోలుకొని కృష్ణ ఒడ్డు పట్టుకొని కొల్లాపూర్ దాకా పోయేవాడట. అట్లా పోయినప్పుడే అక్కడి గొల్లవాళ్ళ ఇంట్లో మా అమ్మను చూశాడు. పిల్లతో పాటు బామ్మర్దిని కూడా గట్టిగానే కట్టుకొచ్చాడని మా అవ్వ దెప్పేది. అవ్వ అంటే బాపు తల్లి. మా ఇంట్లో అడుగు పెడితే ముందు తడిసిన గొంగడి వాసన వచ్చేది, దాని వెనక గొర్ల రొచ్చు వాసన, ఆ వెనక పొయ్యి మీద కాగే అంబలి వాసన. అన్నిటి మీదా అమ్మ నోట్లో నానే ఆకువక్కల వాసన ఉండేది. ఆకులు, వక్కలు, సున్నపు డబ్బీ పెట్టుకునే గుడ్డసంచి ఒకటి అమ్మ నడుముకు ఎప్పుడూ వేలాడేది. దారం లాగితే మూతి ముడుచుకునే సంచి. కోపం వస్తే అమ్మ ఆ దారాన్ని గట్టిగా లాగేది, మాట మాత్రం అనేది కాదు. దారం లాగిన చప్పుడును బట్టే మేం తప్పుకునేవాళ్ళం.

బాపు ఫికర్ల మనిషి. వాన రాకపోతే ఫికర్, వస్తే గొర్ల కాళ్ళు చెడతాయని ఫికర్. గొర్లకు గాలికుంటు రోగం వచ్చిన ఏడు అయితే ఇంట్లో మనిషి గొంతు వినపడలేదు. బాపు దొడ్డి నుంచి వచ్చి, గోడకు ఒరిగి కూర్చొని, ముందు పెట్టిన రొట్టెను ముట్టకుండా లేచిపోయేవాడు. ఆయన తినకపోతే అవ్వ తినేది కాదు, అవ్వ తినకపోతే అమ్మ తినేది కాదు. ఇక పిల్లలం, నేనూ తమ్ముడూ, దొంగల్లాగా మూలకు కూర్చొని నమిలేవాళ్ళం. అట్లా రెండు మూడు పూటలు గడిచాక అమ్మ ఒక నిర్ణయానికి వచ్చేది. దేవరకొండ సంతకు పోయే గొర్ల బేరగాళ్ళను ఆపి, కొల్లాపూర్ దిక్కు పోయేవాళ్ళు ఎవరన్నా కలిస్తే మా తమ్మునికి చెప్పండి, వాళ్ళ బావకు పానం బాగ లేదు అని కబురు పెట్టేది. పానానికి ఏమైంది అని వాళ్ళు అడిగితే, ఏమీ కాలేదు, మూతి బిగుసుకుంది అనేది.

మామ వచ్చేది బస్సు దిగి నడిచి. వాకిట్లోకి నేరుగా రాడు. కంచెకు వేసిన కంప వెనక నిలబడి ముందు దగ్గుతాడు. ఆ దగ్గు అచ్చం బాపు దగ్గే. తర్వాత బాపు గొంతుతోనే, అంబలి ఏమైంది, గొర్లు ఏమైనయి, ఈ ఇంట్ల నా మాట ఇనేటోళ్ళు ఉన్నరా లేరా అని కసురుకుంటూ, బాపులాగే కుడి భుజం కొద్దిగా కిందికి వేసి లోపలికి వస్తాడు. అమ్మ పొయ్యి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. బాపు మాత్రం నవ్వేవాడు కాదు. లేచి గోడ దిక్కు తిరిగి, బాగానే ఉన్న రుమాలును విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలు పెట్టేవాడు. మేం ఆయన భుజాలనే చూసేవాళ్ళం. బాపు నవ్వు మొహానికి రాదు, భుజాలకు వస్తుంది. ముందు ఒక భుజం కదిలేది, తర్వాత రెండూ ఊగేవి. ఆ తర్వాత గోడ దిక్కే ఉండి, మల్లిగానికి రొట్టె పెట్టు, నాకూ పెట్టు అనేవాడు. మామ వచ్చాడని గాలికుంటు పోలేదు, చచ్చిన గొర్లు లేచి రాలేదు. కానీ ఆ పూట ఇల్లంతా తిన్నాం. తెల్లారి బాపు మిగిలిన మందను విడదీసి ఎక్కడికి తోలాలో ఆలోచన చేశాడు. తినని మనిషికి ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది అని అమ్మ అనేది. పార్కులో పెద్దమనిషి రోజూ చెప్పేది కూడా ఇంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు చెప్పబోయేది మా చుట్టాల్లో ఒక పద్ధతి. ఇంకెక్కడన్నా ఉందో లేదో నాకు తెలియదు. ఇంట్లో ఎవరన్నా పోతే మూడో దినాన పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక, ఇంటి పెద్ద ముద్ద ముట్టేముందు బావ వరసో బామ్మర్ది వరసో అయినవాడు ఆయన ముందుకు వచ్చి చెయ్యి చాపాలి. ఇంటి పెద్ద పోయిన మనిషి వస్తువేదన్నా, రుమాలో కట్టెనో, ఆ చేతిలో పెట్టాలి. పెడితే ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆ వరసైనవాడు ఆ వస్తువు పట్టుకొని, పోయిన మనిషి ఎట్లా నడిచేవాడో, ఎట్లా అలిగేవాడో చేసి చూపించి ఇంటిల్లిపాదినీ నవ్విస్తాడు. నవ్వాకనే తిండి. చాపకుండా ఇవ్వకూడదు, ఇవ్వకుండా చెయ్యకూడదు. మా తాత పోయినప్పుడు నేను చిన్నదాన్ని. అవ్వ మూడు రోజులుగా కన్నీళ్ళు కూడా రాకుండా బిగుసుకొని కూర్చుంది. మామ వచ్చి చెయ్యి చాపాడు, బాపు తాత రుమాలు తీసి ఇచ్చాడు. మామ దాన్ని చుట్టుకొని గొర్లను లెక్క పెట్టడం మొదలు పెట్టాడు. తాత రోజూ లెక్క పెట్టేవాడు, రోజూ నల్లగొర్రె దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పేవాడు, తప్పగానే మాట్లాడి చెడగొట్టావని అవ్వ మీద పడేవాడు. మామ అదంతా చేస్తుంటే మెల్లగా ఒక్కొక్కరే నవ్వుతున్నారు. అవ్వ మాత్రం కళ్ళు చిట్లించి చూసి, గట్ల గాదు, ఎడమ కాలు జర ఈడుస్తడు అంది. మామ ఎడమ కాలు ఈడ్చి మళ్ళీ నడిచాడు. అవ్వ నవ్వింది. నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడుపు తెగి, కడుపారా ఏడ్చి, తర్వాత కాళ్ళు చేతులు కడుక్కొని వచ్చి విస్తరి ముందు కూర్చుంది. ఏడుపు రావడానికి కూడా నవ్వు కావాలని నేను ఆ రోజు తెలుసుకున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా చిన్నాయన పోయాడు. బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. అప్పటికి అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చాయి. చిన్నాయనకు ఫోన్ మాట్లాడటం రాదు, అవతలి మనిషి ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా అరవాలని ఆయన నమ్మకం. మూడో దినాన మామ చెయ్యి చాపితే బాపు చిన్నాయన ఫోనే ఇచ్చాడు. మామ దాన్ని తలకిందులుగా పట్టుకొని, హైదరాబాదులో ఉన్న కూతురిని వాకిట్లో నుంచి పిలిచినట్టు పిలిచాడు. చిన్నమ్మ నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. పట్నం నుంచి వచ్చిన దూరపు చుట్టం పిల్లవాడెవడో దాన్ని ఫోన్‌లో పట్టాడు. వాడికి చెడు బుద్ధి ఏమీ లేదు, ముచ్చటేసి పట్టాడు, ముచ్చటేసి నలుగురికీ పంపాడు. ఆ నలుగురు ఇంకెందరికి పంపారో తెలియదు. ఆ వీడియోలో వెనక దండ వేసిన చిన్నాయన ఫొటో ఉంది, ముందు పళ్ళికిలిస్తున్న మా మొహాలున్నాయి. పొద్దంతా మేం ఏడ్చిన ఏడుపు అందులో లేదు. చాపిన చెయ్యీ లేదు.

కొన్ని నెలలకు బాపు చిట్యాలలో ఒక పెళ్ళికి పోయాడు. ఫంక్షన్ హాలులో ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు ఫోన్ తెచ్చి బాపు ముందు పెట్టి, పీనుగ ఇంట్లో కోతి గంతులు వేసేది మీరేనా అని అడిగాడట. పక్కవాళ్ళు నవ్వారట. బాపు జీవితంలో ఒకరితో మాట పడ్డవాడు కాదు. పెళ్ళి భోజనం చెయ్యకుండా బస్సెక్కి వచ్చాడు. చిన్నాయన సంవత్సరీకానికి మామ వచ్చి, ఎప్పటిలాగే కంప వెనక దగ్గాడు. బాపు గోడ దిక్కు తిరగలేదు. ఎదురు పోయి నిలబడ్డాడు.

"మల్లయ్యా, అయ్యిందేందో అయ్యింది. ఇగ నా గడపల ఎవ్వలి వస్తువుకు నువ్వు చెయ్యి చాపకు" అన్నాడు.

అప్పటిదాకా మల్లిగా అనడమే తప్ప ఆయన నోట మల్లయ్య అన్న పిలుపు మేం వినలేదు. మామ బాపు మొహం చూసి, సరే బావ అన్నాడు. అంతే. కొట్లాట లేదు, అలిగి పోవడం లేదు. కొట్లాడుకున్నా బాగుండేదని నాకిప్పుడు అనిపిస్తుంది. కొట్లాడుకున్నవాళ్ళను కలపడానికి పదిమంది వస్తారు, మాట విన్నవాణ్ని ఎవరు కలుపుతారు? ఆ తర్వాత కూడా మామ పండగకూ పబ్బానికీ వచ్చేవాడు. కానీ దగ్గేవాడు కాదు. చుట్టం లాగా వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, వానలు ఎట్లున్నయి బావ అని అడిగేవాడు. ఉన్నయి అనేవాడు బాపు. ఇద్దరూ వాకిలి దిక్కు చూస్తూ చాయ తాగేవాళ్ళు. నేను నల్లగొండ నుంచి పోయినప్పుడు అమ్మ చాటుగా, ఇంట్ల ఉప్పు అయిపోయినట్టుంది బిడ్డా అనేది. నువ్వే పోయి చెప్పరాదా, వాణ్ని ఎప్పటిలాగా ఉండమనరాదా అని అమ్మ బాపును ఎన్నిసార్లో అడిగింది. వానికి తెల్వదా అనేవాడు బాపు. మామను అడిగితే, బావ గాదన్నడు గదా అక్కా అనేవాడు. బాపుకు బీపీ వచ్చింది, షుగర్ వచ్చింది, పొద్దుకొక గోళీ వచ్చింది. గోళీలు రాసిన దవాఖానలో టెన్షన్లు తగ్గించుకో పెద్దాయనా అన్నారు. ఎట్లా తగ్గించుకోవాలో మాత్రం చెప్పలేదు. తగ్గించే మనిషి బావ మాట కాదనలేక కొల్లాపూర్‌లో కూర్చున్నాడు.

అమ్మ పోయింది ఒక వానాకాలంలో. మూడో దినాన పిట్టకు పెట్టి వచ్చి అందరం ఇంట్లో కూర్చున్నాం. బాపు మంచం మీద, మామ ఎదురుగా గోడకు ఒరిగి నేల మీద. బాపు చేతిలో అమ్మ ఆకువక్కల సంచి ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో నేను చూడలేదు. విస్తర్లు వేశారు, అన్నం ఆవిర్లు పోయి చల్లారింది.  మామ రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని నేల చూస్తున్నాడు. బాపు సంచిని అటూ ఇటూ తిప్పుతున్నాడు, దుఃఖంలో ఏమీ తోచక తిప్పుతున్నాడనుకున్నాను. చాలాసేపటికి మా తమ్ముడు, పెద్దలు తింటేనే కదా మిగతావాళ్ళు తినేది, లే బాపు అని చెయ్యి పట్టుకొని లేపాడు. బాపు విస్తరి ముందు కూర్చొని అన్నం కెలికి లేచాడు. మామ ఆ సాయంత్రమే బస్సుకు పోయాడు. మా ఇంట్లో నవ్వకుండా తిన్న దినం అదొక్కటే. అప్పటి నుంచి బాపు తినడం తగ్గిపోయింది, మాట తగ్గిపోయింది. మనిషి మాత్రం సంచి చేతిలో పట్టుకొని వాకిలి దిక్కు కూర్చునేవాడు. ఏడాది తిరిగాక ఆయనా పోయాడు.

బాపు మూడో దినానికి ఇంటి ముందు షామియానా, లోపల క్యాటరింగ్ వాళ్ళు. మామ అప్పటికి బాగా ముసలివాడయ్యాడు. కర్ర పట్టుకొని వచ్చి, అమ్మ దినం నాడు కూర్చున్న చోటే గోడకు ఒరిగి కూర్చున్నాడు. చేతులు మళ్ళీ చంకల్లోకి పోయాయి. బాపు రుమాలు మేకుకు వేలాడుతోంది, దాని పక్కనే అమ్మ సంచి. నేను వాటినీ మామనూ చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. మామ చెయ్యి చాపడని నాకు తెలుసు. వద్దన్న మనిషి పోయాడు కాబట్టి ఆ మాట ఇక ఎప్పటికీ వెనక్కి రాదు. పద్ధతి తప్పుతున్నానని తెలిసే లేచి, రుమాలూ సంచీ తీసి, మామ చేతులు చంకల్లో నుంచి లాగి వాటిలో పెట్టాను.

మామ వాటిని చూసుకున్నాడు. తర్వాత కర్ర పట్టుకొని లేచి, రుమాలు చుట్టుకొని, పోయి బాపు మంచం మీద కూర్చున్నాడు. కుడి భుజం కొద్దిగా కిందికి జారింది. అంతే, మంచం మీద బాపు ఉన్నాడు. సంచిని మోకాలి మీద పెట్టాడు. ఎదురుగా గోడ దిక్కు, తాను ఇంతసేపూ కూర్చున్న చోటుకు, కంటి చివర నుంచి చూశాడు. సంచిని కొంచెం ముందుకు జరిపాడు. చూశాడు. దగ్గాడు. ఇంకొంచెం జరిపాడు. సంచి మోకాలి అంచుకు వచ్చింది, పడబోయింది, గబుక్కున వెనక్కి లాక్కొని, ఏమీ ఎరగనట్టు వాకిలి దిక్కు మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి జరపడం మొదలు పెట్టాడు. బాపు మొండితనం తెలిసినవాళ్ళందరికీ నవ్వు ఆగలేదు. మా తమ్ముడు గోడ దిక్కు తిరిగాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి, అచ్చం బాపు భుజాల్లాగే. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు అర్థమైంది, ఇది మామ కల్పించింది కాదు. అమ్మ దినం నాడు ఈ మంచం మీద జరిగిందే.

"చూసినవా మామా నువ్వు?" అని అడిగాను.

"చూడక కోడలా?" అన్నాడు మామ. బాపు గొంతు పోయి ఆయన ముసలి గొంతు వచ్చింది. "సంచి అంచుకొచ్చింది, నా చెయ్యి లేవలే. ఆయనకు అడుగుడు రాదు, నాకు మాట దాటుడు రాదు. ఇద్దరం గూడి అక్కను నవ్వకుంట సాగదోలినం."

ఆ తర్వాత ఆయన ఏడ్చాడు, మేమూ ఏడ్చాం, అందరం కూర్చొని తిన్నాం. సంచిని మామ నాకు తిరిగి ఇచ్చాడు. రుమాలు మాత్రం తీయడం మరిచాడు. అట్లాగే పోయి బస్సెక్కాడు, నేను కూడా గుర్తు చెయ్యలేదు.

పోయిన నెల మామ మూడో దినం కొల్లాపూర్‌లో ఒక హాలులో చేశారు. తెర మీద మామ ఫొటోలు వచ్చి పోతున్నాయి, పక్కన బఫే. మామ కొడుకులు మంచివాళ్ళే, ఖర్చుకు వెనకాడలేదు, వచ్చినవాళ్ళందరినీ తిని పొమ్మని పేరు పేరునా చెప్పారు. మామను చేసి చూపించాల్సిన వరస బాపుది. ఆయన లేడు. మామ కొడుకులకు బావ కాబట్టి మా తమ్ముడికి వరస కలుస్తుంది కానీ, వాడికి రాదు, వచ్చినా నలుగురి ఫోన్ల ముందు చెయ్యడు. తిరిగి వచ్చేముందు మామ ఇంటికి పోతే మేకుకు బాపు రుమాలు కనిపించింది. అది ఎవరిదో మామ కోడలికి తెలియదు, ఉతకడానికి వెయ్యబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. నా బీరువాలో అమ్మ సంచి పక్కన పెట్టాను. తలుపు తీస్తే ఇప్పటికీ కొంచెం గొంగడి వాసన, కొంచెం వక్కల వాసన వస్తాయి. పొద్దున్నే పార్కుకు పోయేముందు ఒకసారి తీసి చూస్తాను. అక్కడ పెద్దమనిషి చప్పట్లు కొడతాడు, అందరం చేతులు పైకి ఎత్తుతాం. ఒక్క చెయ్యి కూడా నా ముందుకు రాదు.